ఇరవై నాలుగేళ్ళ దివాను: మొదటి సాలార్‌జంగ్, నిజాం పాలనా యంత్రాంగం

1853 మే 21న నిజాం నాసిరుద్దౌలా ఈస్టిండియా కంపెనీతో చేసుకొన్న సంధి వల్ల బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ ప్రాంతాలు కంపెనీ అజమాయిషీలోకి పోయాయి. హైదరాబాదు కంటింజెంటు అనే పేరుతో, కంపెనీ అధికారుల చేతికింద, నిజాం ఖర్చు మీద నడిచే సైన్యానికి నిజాం ఖజానా జీతాలు ఇవ్వలేకపోవడంతో, కంపెనీ తానే వాటిని చెల్లిస్తూ ఆ మొత్తాన్ని నిజాం పేర అప్పుగా రాసుకొంటూ వచ్చి, చివరకు ఆ బాకీ కింద ఈ జిల్లాలను పట్టుకొంది. ఈ పరాభవం జరిగి వారం తిరగకముందే దివాను సిరాజుల్‌ముల్క్ కన్నుమూశాడు. రాజ్యంలో అత్యున్నత పరిపాలనాధికారి అయిన దివాను పదవి ఆయన సోదరుని కుమారుడు మీర్ తురాబ్ అలీఖాన్‌కు దక్కింది. సాలార్‌జంగ్ అనే బిరుదుతో చరిత్రలో నిలిచిపోయిన ఈ యువకుడికి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు మాత్రమే.

ఆ పదవిని ఆయన ఉత్సాహంతో స్వీకరించలేదు. పినతండ్రి జాగీర్లను ఎవరి జోక్యమూ లేకుండా అనుభవించే అవకాశం ఉంటే అదే చాలునని, కాని పదవిని కాదంటే కుటుంబం నిలువునా నాశనమవుతుందని హితులు హెచ్చరించినందువల్లే ఒప్పుకొన్నానని, ఆ రోజుల్లో పరిచయమున్న ఒక ఆంగ్లేయునికి రాసిన లేఖలో ఆయనే చెప్పుకొన్నాడు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ముత్తాత మీర్ ఆలం దివానుగా పనిచేసినవాడు; తాత మునీరుల్‌ముల్క్ 1809 నుంచి 1832 దాకా దివానన్న పేరు మాత్రమే మోసి, పాలనలో వేలు పెట్టకుండా, అధికారమంతా పేష్కారు చందూలాల్‌కు వదిలేసినవాడు. పేష్కారు అంటే దివానుకు సహాయకుడు, ఆదాయవ్యయాలు చూసే అధికారి. సహాయకుడే యజమాని అయిన ఆ ఏర్పాటు కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు అండతో దశాబ్దాల పాటు సాగింది.

చందూలాల్ అనుభవాన్ని తక్కువచేసి చెప్పడానికి వీలులేదు. 1843లో రాజీనామా చేసేనాటికి ఆయనకు ముప్పై ఐదేళ్ళకు పైబడిన పాలనానుభవం ఉంది; రాజ్యంలో ఏ సాహుకారు ఎంత అప్పు ఇవ్వగలడో, ఏ తాలూకాను ఎవరికి రాసిస్తే ఎంత నజరానా ముట్టుతుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అయితే ఆ నేర్పంతా ఈ ఏటి ఖర్చుకు వచ్చే ఏటి రాబడిని తాకట్టు పెట్టడంలోనే కరిగిపోయింది. హైదరాబాదులో వ్యాపారం చేసిన పామర్ కంపెనీ నిజాం ప్రభుత్వానికి భారీ వడ్డీలకు అప్పులిచ్చిన వ్యవహారం ఇందుకు పెద్ద నిదర్శనం. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారులను తీసుకొన్నందుకు బదులుగా కంపెనీ ఏటా నిజాంకు చెల్లించవలసిన ఏడు లక్షల రూపాయల పేష్కషును, 1823లో కోటీ పదహారు లక్షలకు పైగా ఉన్న ఒక్క మొత్తానికి వదులుకొని, ఆ సొమ్మును పామర్ కంపెనీ బాకీకి జమ కట్టవలసి వచ్చింది. తెలుగు తీరజిల్లాల మీద నిజాంకు మిగిలివున్న ఆఖరి రాబడి హక్కు ఆ విధంగా వడ్డీ వ్యాపారి పద్దులో కలిసిపోయింది. అంతటి అనుభవజ్ఞుడి ఏలుబడిలోనే ఇది జరిగిందన్న విషయాన్ని, ఆ తరువాత వచ్చిన అనుభవం లేని దివాను పనిని అంచనా వేసేటప్పుడు మరువరాదు.

సాలార్‌జంగ్‌కు అందివచ్చిన పాలనా వ్యవస్థకు ఇజారా మూలస్తంభం. ఇజారా అంటే ఒక ప్రాంతపు భూమిశిస్తు వసూలు హక్కును ముందుగా కొంత సొమ్ము తీసుకొని గుత్తకు ఇవ్వడం. గుత్తదారును తాలూక్‌దారు అనేవారు. అతడు ఉద్యోగి కాడు, జీతం లేదు, లెక్క చూపవలసిన పై అధికారీ లేడు. ఎక్కువ నజరానా ఇవ్వజూపినవాడు మరుసటి ఏడు వస్తే తన గుత్త పోతుందన్న భయం మాత్రం ఉంది కాబట్టి, చేతిలో తాలూకా ఉన్న నాలుగు నెలల్లోనే పెట్టుబడికి రెండింతలు రాబట్టుకోవడం అతని ధ్యేయంగా ఉండేది. తెలంగాణలో తరివరి పండే చోట్ల శిస్తు ఎక్కువగా బటాయి పద్ధతిలో, అంటే పండిన ధాన్యంలో వాటాగా వసూలయ్యేది. కోత కోసి కళ్లంలో రాశి పోసిన రైతు, తాలూక్‌దారు మనిషి వచ్చి రాశి మీద ముద్ర వేసి, కొలిచి, సర్కారు వాటా తీసి, దాని మీద వంశపారంపర్య వసూలు అధికారి దేశ్‌ముఖ్‌కు, గ్రామ లెక్కలు రాసే పట్వారీకి, కాపలా ఉన్న షేక్‌సింధీకి చెందవలసిన మేరలు పక్కన పెట్టేదాకా ఒక్క గింజ కూడా ఇంటికి తీసుకుపోరాదు. ఈలోగా వాన పడి ధాన్యం మొలకెత్తినా నష్టం రైతుదే. ముద్రవేసేవాడు రావడానికి, కొలిచేవాడు న్యాయంగా కొలవడానికి వేర్వేరుగా చేయి తడపక తప్పేది కాదు.

సైన్యానికి నగదు జీతాలు ఇవ్వలేక సర్కారు కొన్ని తాలూకాలను అరబ్బు, రోహిల్లా దళాల నాయకులకు రాసిచ్చింది. వాటి రాబడి నుంచి జీతాలు తీసుకొని మిగిలింది కట్టమన్నది షరతు. మిగిలింది ఏనాడూ ఖజానాకు చేరలేదు. జమేదార్లనే ఈ దళనాయకులు సర్కారుకు, జాగీర్దార్లకు, చిన్నపాటి వ్యాపారులకు కూడా అప్పులిచ్చి, బాకీదారులను తామే నిర్బంధించి వసూలు చేసుకొనేవారు. వీరి సంపద ఎంతటిదంటే, హైదరాబాదు కొలువులో జమేదారుగా ఉన్న ఉమర్ బిన్ అవజ్ వంశీకులు ఇక్కడ కూడబెట్టిన ధనంతోనే అరేబియా దక్షిణ తీరంలో ముకల్లా కేంద్రంగా ఒక సుల్తానత్తు నిలబెట్టుకొన్నారు.

ఇంతటి చిక్కుముడి విప్పడానికి కూర్చున్న యువకుడి తర్ఫీదు ఏపాటిది? చిన్నతనంలోనే తండ్రి పోగా నాయనమ్మ సంరక్షణలో పెరిగి, ఇంటి దగ్గర ఫారసీ, అరబ్బీ చదువుకొని, పంతొమ్మిదేళ్ళ వయసులో కొద్ది నెలలపాటు ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా పనిచేయడం తప్ప ఆయనకు పరిపాలనతో మరో సంబంధం లేదు. ఆ కొద్ది నెలలే నిర్ణాయకమయ్యాయని చెప్పవచ్చు. అంతకుముందు ఆ ప్రాంతాన్ని చూసిన డైటన్ అనే ఆంగ్లేయుడు లెక్కలను ఒక క్రమంలో పెట్టి ఉన్నందువల్ల, జీతం తీసుకొనే గుమాస్తాలు, రాతలో ఉన్న జమాబందీ అనే శిస్తు లెక్క, రసీదు ఇచ్చి చేసే వసూలు గుత్తదారు పాలన కంటే ఖజానాకూ రైతుకూ కూడా మేలని ఆయన కళ్ళారా చూశాడు. రాజధానిలో నలభై ఏళ్ళు కాగితాలు తిప్పినవారికి లేని ఎరుక ఇది.

పదవిలోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో ఆయన గొప్ప ప్రకటనలేవీ చేయలేదు. తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించడం, విడిపించిన చోట గుత్తదారును కాక జీతం మీద పనిచేసే తాలూక్‌దారును నియమించడం, వచ్చిన సొమ్ము సాహుకారు కొట్టుకు పోకుండా నేరుగా ఖజానాకు చేర్చడం అనే మూడు పనులు ఏళ్ళ తరబడి ఓపికగా సాగాయి. సాహుకార్లతో, జమేదార్లతో ఆయన తగవుకు దిగలేదు. పాత బాకీలను లెక్కగట్టి, వడ్డీ తగ్గించి, వాయిదాల మీద తీర్చే ఒప్పందాలకు వారిని రప్పించాడు. చెప్పిన గడువుకు చెప్పిన వాయిదా కట్టడం నిజాం సర్కారులో అంతవరకు ఎవరూ ఎరగని విషయం కాబట్టి, రెండు మూడు వాయిదాలు తప్పకుండా అందేసరికి తక్కువ వడ్డీకే కొత్త అప్పులు దొరికే పరిస్థితి ఏర్పడింది. రాజ్యంలో పలుచోట్ల పలువురు ముద్రించే నాణేల స్థానంలో హైదరాబాదు టంకశాలలో ముద్రించే హాలీ సిక్కా అనే రూపాయి చలామణీలోకి రావడం కూడా ఈ కాలపు ఫలితమే.

పాత కచేరీల విషయంలో ఆయన అనుసరించిన పద్ధతి ప్రత్యేకంగా పరిశీలించదగినది. రాజ్యపు రెవెన్యూ దస్తావేజులు దఫ్తర్-ఎ-మాల్, దఫ్తర్-ఎ-దివానీ అనే రెండు కార్యాలయాల్లో ఉండేవి. మొదటిది మాల్‌వాలా అనే కాయస్థ కుటుంబం చేతిలోను, రెండవది రాయ్‌రాయాన్ అనే మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబం చేతిలోను వంశపారంపర్యంగా ఉండడంతో, ఏ గ్రామం ఎవరికి జాగీరో, ఏ సనదు అసలైనదో ఆ ఇళ్ళవారు చెబితే తప్ప దివానుకు తెలిసేది కాదు. ఈ కుటుంబాలను తొలగిస్తే నిజాంకే కోపం వస్తుంది, ఉమరావులనే ప్రభువర్గమంతా ఏకమవుతుంది. అందువల్ల సాలార్‌జంగ్ వారి హోదాను, రుసుములను ముట్టుకోకుండానే పక్కన కొత్త కార్యాలయాలను నెలకొల్పి, కొత్తగా పుట్టే ప్రతి కాగితమూ వాటికే వచ్చేలా చేశాడు. పాత దఫ్తర్లు గౌరవంగా కొనసాగాయి, పని మాత్రం వాటి నుంచి మెల్లగా తొలగిపోయింది. హైదరాబాదు చరిత్రను లోతుగా పరిశోధించిన కారెన్ లెనార్డ్ వంటివారు ఆయన సంస్కరణల కీలకాన్ని ఈ సమాంతర నిర్మాణంలోనే గుర్తించారు.

1857 తిరుగుబాటు నాటి ఘటనలు ఆయన పాలనలో వివాదాస్పదమైన అధ్యాయం. ఆ ఏడు జులై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, నగరవాసులు కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు, సాలార్‌జంగ్ ముందుగానే రెసిడెంటు డేవిడ్‌సన్‌కు కబురు పంపి కంపెనీ పక్షాన గట్టిగా నిలబడ్డాడు. తుర్రేబాజ్‌ఖాన్ ప్రాణం కోల్పోయాడు, అలావుద్దీన్ అండమానుకు వెళ్ళాడు, నిజాం రాజ్యం నిలిచింది. రాజ్యాన్ని కాపాడాలనుకొన్న దివాను దృష్టిలో అది తప్పనిసరి నిర్ణయం కావచ్చు. దేశం కోసం లేచినవారి దృష్టిలో అది ద్రోహమే, ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చే హక్కు చరిత్రకారుడికి లేదు. 1860 సంధిలో కంపెనీ వారసులైన బ్రిటిష్ ప్రభుత్వం యాభై లక్షల బాకీని రద్దు చేసి, రాయచూరు దోఆబును, ధారాశివ్‌ను తిరిగి ఇచ్చింది. బేరారును మాత్రం ఇవ్వలేదు. దాన్ని తిరిగి రాబట్టడానికి 1876లో ఇంగ్లండు దాకా వెళ్ళిన సాలార్‌జంగ్‌కు ఆక్స్‌ఫర్డు గౌరవ పట్టా లభించింది గాని బేరారు లభించలేదు.

ఇక రాజ్యంలో ఆయన స్థితి ఏనాడూ నిశ్చింతగా లేదు. నాసిరుద్దౌలా తరువాత వచ్చిన అఫ్జలుద్దౌలా ఆయనను అనుమానంతోనే చూసి, ఒక దశలో తొలగించడానికి కూడా పూనుకొన్నాడు. 1859లో దర్బారు నుంచి వస్తుండగా ఒకసారి, 1868లో దర్బారుకు వెళ్తుండగా మరోసారి ఆయన మీద హత్యాయత్నాలు జరిగాయి. గుత్తలు పోయినవారు, లెక్క చెప్పవలసి వచ్చినవారు నగరంలో చాలామంది ఉన్నారు.

సంస్కరణల రెండవ దశ 1864–65లో మొదలైంది. మజ్లిస్-ఎ-మాల్‌గుజారీ అనే రెవెన్యూ బోర్డు ఏర్పడిన తరువాత జిల్లాబందీ, అంటే రాజ్యాన్ని సమానమైన పాలనా విభాగాలుగా, జిల్లాలుగా విడగొట్టే ఏర్పాటు అమల్లోకి వచ్చింది. ఐదు విభాగాలు, వాటి కింద క్రమంగా పదిహేడుకు చేరిన జిల్లాలు, జిల్లా కింద తాలూకాలు, తాలూకాకు తహసీల్దారు అనే మెట్లు ఏర్పడ్డాయి. జిల్లా అధికారిని అవ్వల్ తాలూక్‌దారు, అంటే మొదటి తాలూక్‌దారు అన్నారు. ఆయన కింద రెండవ, మూడవ తాలూక్‌దార్లు ఉండేవారు. ఒకప్పుడు గుత్తదారుకు చెల్లిన బిరుదే జీతం తీసుకొనే కలెక్టరు హోదాకు దక్కడంలో సాలార్‌జంగ్ ధోరణి మరోసారి కనిపిస్తుంది. ధాన్యపు వాటాకు బదులు భూమిని బట్టి నిర్ణయించిన నగదు శిస్తు వచ్చింది. పోలీసు రెవెన్యూ నుంచి విడిపోయి జిల్లాకొక మొహతమీం చేతికింద చేరింది. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదర్-ఉల్-మహామ్‌లు, అంటే శాఖామంత్రులు ఏర్పడ్డారు. 1874లో వాడి జంక్షను నుంచి హైదరాబాదుకు రైలు వచ్చింది.

ఈ యంత్రాంగాన్ని నడపడానికి మనుషులు కావాలి. హైదరాబాదు ఉమరావుల కుమారులకు గుర్రపుస్వారీ, ఫారసీ కవిత్వం వచ్చినంతగా జమాబందీ చిట్టా చదవడం రాదు. సాలార్‌జంగ్ దార్-ఉల్-ఉలూం వంటి విద్యాలయాలు స్థాపించినా వాటి ఫలితం చేతికి రావడానికి ఒక తరం పడుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి ఆయన ఉత్తర భారతం నుంచి, మద్రాసు, బొంబాయి రాష్ట్రాల నుంచి బ్రిటిష్ కచేరీల్లో ఆరితేరినవారిని పిలిపించాడు. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహసినుల్‌ముల్క్, వికారుల్‌ముల్క్, చిరాగ్ అలీ, ఉర్దూ నవలాకారుడు నజీర్ అహ్మద్ ఇలా 1870ల్లో వచ్చినవారే. తాను స్వయంగా అనుభవం లేకుండా పదవిలోకి వచ్చినవాడు కావడం వల్లనే కాబోలు, తనకు తెలియనిదేమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు. తెలిసినవారిని వెదికి తెచ్చి, వారికి నిర్ణీతమైన పని, నిర్ణీతమైన జీతం ఇచ్చి, వారు రాసిన కాగితాన్ని తానే చదివేవాడు. పాలకుడి సమర్థత అంటే అన్నీ ముందే తెలిసి ఉండడమని భావించేవారికి ఈ ఉదాహరణ గట్టి సమాధానం. దీని వెనుకే ముల్కీ, గైర్ముల్కీ వివాదం కూడా పుట్టింది. ముల్కీ అంటే స్థానికుడు, గైర్ముల్కీ అంటే బయటినుంచి వచ్చినవాడు. పెద్ద ఉద్యోగాలన్నీ బయటివారికి పోతున్నాయన్న ఆవేదన ఆనాటి నుంచి తెలంగాణ సమాజంలో తరతరాలుగా కొనసాగి, 1952లోను, 1969లోను వీధుల్లోకి వచ్చింది.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్‌జంగ్ మరణించాడు. ముప్పై ఏళ్ళపాటు ప్రతి ముఖ్యమైన కాగితం ఒక్కరి బల్ల మీదికే రావడం ఎంత ప్రమాదకరమో ఆ తరువాతి నాలుగేళ్ళలో తేలింది. ఆయన కుమారుడు మీర్ లాయక్ అలీఖాన్, రెండవ సాలార్‌జంగ్, 1884లో ఇరవై దాటీ దాటని వయసులో దివాను అయి 1887లో రాజీనామా చేశాడు. తండ్రి వయసుతో, అనుభవంతో పోలిస్తే కొడుకుకు పెద్ద తేడా లేదు. పైగా తండ్రికి లేని ఆధునిక విద్య, అప్పటికే కట్టి ఉన్న యంత్రాంగం ఆయనకు ఉన్నాయి. ఓపిక, అధికారుల మీద నిఘా మాత్రం తండ్రితోనే పోయాయి. 1886లో ఇచ్చిన గనుల హక్కుల విషయంలో, నేటి సింగరేణికి మూలమైన ఆ ఒప్పందంలోనే, రాజ్యం తరఫున వ్యవహరించిన ఉన్నతాధికారి అబ్దుల్ హఖ్ వాటాల లావాదేవీల్లో సొంత లాభం చూసుకొన్న వ్యవహారం 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలక్ట్ కమిటీ విచారణ దాకా వెళ్ళింది. నేర్పరి అధికారిని నియమించడంతో పని పూర్తికాదని, అతని లెక్కను అడిగే ఏర్పాటు రాజ్యానికి ఉండాలని ఈ వ్యవహారం రుజువు చేసింది. అటువంటి ఏర్పాటును వ్యవస్థగా నిలపకుండా తన చూపు మీదనే వదిలివేయడం మొదటి సాలార్‌జంగ్ లోపమే.

అంతకంటే పెద్ద లోపం గ్రామంలో ఉంది. జిల్లాబందీతో శిస్తు వసూలు బాధ్యత పోగొట్టుకొన్న దేశ్‌ముఖ్‌లకు, దేశ్‌పాండేలకు సర్కారు రుసుము అనే పేరుతో వార్షిక నగదు భత్యం ఏర్పాటు చేసింది. దఫ్తర్‌దార్ల విషయంలో రాజధానిలో ఫలించిన ఉపాయమే ఇది. అయితే రాజధానిలో కాగితం కొత్త కార్యాలయానికి మారింది, గ్రామంలో మారలేదు. ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో చెప్పగలిగింది ఆ పాత కుటుంబాలు, వారి అదుపులోని పటేల్, పట్వారీలు మాత్రమే. 1870ల మధ్య నుంచి సర్వే, బందోబస్తు సాగుతున్నకొద్దీ మంచి భూములు వారి పేర పట్టాలయ్యాయి. తరతరాలుగా దున్నిన రైతు తన భూమిలోనే కౌలుదారుగా మిగిలి, వెట్టికి లొంగిపోయాడు. తాలూక్‌దారు జీతం సమయానికి అందేలా చూసిన దివాను, చదువురాని రైతు పేరు పహాణీ అనే సాగు లెక్కలో సరిగా ఎక్కుతోందా లేదా అని చూడటానికి ఒక్క మనిషినీ నియమించలేదు. జాగీర్లు, పెద్ద ప్రభువంశాల ఎస్టేట్లైన పాయ్‌గాలు, నిజాం సొంత కమతమైన సర్ఫ్-ఎ-ఖాస్ అయితే ఈ సంస్కరణల పరిధిలోకే రాలేదు.

ఖజానాను దివాలా నుంచి రక్షించినవాడిగా, ఆధునిక పాలనకు పునాది వేసినవాడిగా సాలార్‌జంగ్ పొందిన కీర్తి న్యాయమైనదే. ఆయన ఏర్పరచిన జిల్లాల చట్రం 1948లో నిజాం పాలన ముగిసేదాకా నిలిచింది. ఆయన గ్రామాల్లో తాకకుండా విడిచిపెట్టిన అధికారం కూడా అంతే కాలం నిలిచింది. విసునూరు దేశ్‌ముఖ్ ఒక్కడి గుప్పిట్లోనే నలభై వేల ఎకరాల దాకా పోగుపడింది. అతని మనుషులు 1946 జులై 4న కడవెండిలో జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోవడంతో తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మొదలైంది.